డాక్యుమెంటేషన్ కామెంట్ల రంగులు కావాలన్నవారికి కావలసినంత: విమ్ ఎడిటర్‌లో ఐచ్ఛిక సెట్టింగును నిర్మించే పద్ధతి

పలాసలో జీడిపిక్కలను బస్తా లెక్కన కొంటారు, బస్తా అంటే 80 కిలోలు. ఆ పిక్క ఉడికి, పగిలి, ఎండి, పొట్టు ఊడి, 210, 240, 320 అనే గ్రేడ్ల పప్పుగా విడిపోయేలోగా ప్రతి దశలోనూ బరువు తగ్గుతుంది. ఆ తరుగును లెక్కగట్టే ప్రోగ్రామును కాశీబుగ్గలోని ఒక గదిలో నలుగురం కలిసి రాస్తున్నాం. లెక్క సూత్రాలు పరిశ్రమను బట్టి మారుతుంటాయి కాబట్టి వాటిని ప్రధాన ప్రోగ్రాములో ఇరికించకుండా, మేమే రూపొందించుకున్న ఒక చిన్న నియమాల భాషలో విడి ఫైళ్లుగా ఉంచుతాం. మా వైపు గింజను పిక్క అంటాం కనుక ఈ వ్యాసంలో ఆ భాషను కూడా పిక్క అనే పిలుస్తాను.

ప్రతి నియమం పైనా అది ఏమి లెక్కిస్తుందో, ఏ విలువలు తీసుకుంటుందో తెలుగులో వివరించే డాక్యుమెంటేషన్ కామెంటు ఉంటుంది. ఆ కామెంట్లలో @ గుర్తుతో మొదలయ్యే ట్యాగులు, మొదటి వాక్యం వేరే రంగులో మెరిస్తేనే చదవడానికి వీలుగా ఉంటుందని మాలో ఇద్దరి అభిప్రాయం. కామెంటు కామెంటులాగే వెనక్కి తగ్గి ఉండాలని, అసలు సూత్రం మాత్రమే కంటికి ఆనాలని మూడో వ్యక్తి పట్టుదల. నాలుగో వ్యక్తి లాప్‌టాప్ పాతది, రంగులు పెరిగేకొద్దీ తెర జరగడం మందగిస్తుంది. నలుగురూ సరిగ్గానే చెబుతున్నారు. సింటాక్స్ ఫైలు (ఏ భాగానికి ఏ రంగు వేయాలో ఎడిటరుకు చెప్పే ఫైలు) రాసినవారి అభిరుచి మిగతా ముగ్గురి తెరల మీద రుద్దబడకూడదు కాబట్టి ఈ హైలైటింగును సెట్టింగుగా మార్చాం. ఆ పనిని ఎలా చేయాలో, ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆదేశాలన్నిటినీ తెలుగు లిపిలో, పలికినట్లుగానే రాశాను. ఎడిటర్‌లో టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి, గుర్తులూ అంకెలూ మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్లే ఉంచాలి.

ముందుగా మీ భాష నియమాన్ని తెలుసుకోండి

సాధారణ కామెంటు మనిషి కోసం మాత్రమే రాసేది, కంపైలరు దానిని వదిలేస్తుంది. డాక్యుమెంటేషన్ కామెంటును మాత్రం మరొక సాధనం చదివి, దాని నుంచి సహాయ పుటలను తయారుచేస్తుంది. జావా భాషతోపాటు వచ్చే జావాడాక్, సీ మరియు సీ ప్లస్ ప్లస్ భాషలకు విరివిగా వాడే డాక్సిజన్ అటువంటి సాధనాలే. అంటే ఈ కామెంటులో తప్పు జరిగితే ఆ తప్పు బయటికి వెళ్లే పుటలో కనబడుతుంది. అందువల్ల దీనికి వేరే రంగు ఇవ్వడం అలంకారం కోసం మాత్రమే కాదు.

ఏది డాక్యుమెంటేషన్ కామెంటు అన్నది ఒక్కొక్క భాషలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. జావాలో /** తో మొదలైతే చాలు. జావా 23వ సంచిక నుంచి, అంటే 2024 నుంచి, మూడు గీతల /// వరుసలలో మార్క్‌డౌన్ పద్ధతిలో రాసినా అది డాక్యుమెంటేషనే. రస్ట్ భాష మరింత కచ్చితంగా ఉంటుంది. అక్కడ సరిగ్గా మూడు గీతలు ఉంటేనే డాక్యుమెంటేషన్, నాలుగు గీతలు ఉంటే అది మామూలు కామెంటు. అలాగే రెండు నక్షత్రాలు ఉంటే డాక్యుమెంటేషన్, మూడు ఉంటే కాదు. విభాగాలను వేరుచేయడానికి వరుస నిండా నక్షత్రాలు పెట్టే అలవాటు ఉన్నవారు ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి. మా పిక్క భాషకు జావా నియమాన్నే పెట్టుకున్నాం: /** తో మొదలై */ తో ముగిసేది డాక్యుమెంటేషన్ కామెంటు, /**/ మాత్రం ఖాళీ కామెంటు.

సెట్టింగుకు పేరు, విలువలు, మౌలిక విలువ

మొదటి ప్రయత్నంలో నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. విమ్‌తో వచ్చే జావా సింటాక్స్ ఫైలును చూసి, దానిలో ఉన్న పద్ధతినే అనుసరించాను. అక్కడ జావాడాక్ రంగులు వద్దనుకునేవారు జావా_ఇగ్నోర్_జావాడాక్ అనే చరరాశిని పెట్టుకుంటారు. సింటాక్స్ ఫైలు ఆ చరరాశి ఉందా లేదా అని ఎగ్జిస్ట్స్ ఫంక్షన్‌తో చూస్తుంది, దాని విలువ ఎంత అని మాత్రం చూడదు. కాబట్టి ఆ చరరాశికి 0 ఇచ్చినా, 1 ఇచ్చినా ఫలితం ఒకటే, రంగులు పోతాయి. రంగులు తిరిగి రావాలంటే చరరాశిని అన్‌లెట్ ఆదేశంతో తీసివేయాలి. నేనూ అలాగే రాశాను. మా జట్టులో చిన్నవాడు విమ్ తెరవగానే చదివే తన సొంత సెట్టింగుల ఫైలైన విమ్‌ఆర్‌సీలో 0 పెట్టుకుని, మధ్యాహ్నం దాకా ఫైలును అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి నా దగ్గరికి వచ్చి, “సున్నా ఎట్టినా రంగు రాట్లేదు సార్, ఏటి సేయాల?” అని అడిగాడు. తప్పు అతనిది కాదు. సున్నా అంటే లేదు అని ఎవరైనా అనుకుంటారు, సెట్టింగు కూడా అలాగే అర్థం చేసుకోవాలి.

ఆ అనుభవం తర్వాత మూడు నిర్ణయాలు తీసుకున్నాం. పేరులో వ్యతిరేకార్థం ఉండకూడదన్నది మొదటిది. ‘పట్టించుకోకు’ అనే పేరుగల చరరాశికి సున్నా పెడితే ‘పట్టించుకోకుండా ఉండకు’ అని అర్థం వస్తుంది, చదివేవారు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉంటుంది. అందుకే పిక్క_డాక్_హైలైట్ అని నేరుగా పేరు పెట్టాం. ఉందా లేదా అని కాక, విలువ ఎంత అని చూడాలన్నది రెండవది. అవును, కాదు అనే రెండు విలువలతో సరిపెట్టకుండా మూడు స్థాయిలు పెట్టాలన్నది మూడవది: 0 అయితే ప్రత్యేకమైన రంగులు ఏమీ ఉండవు, 1 అయితే ట్యాగులకు మాత్రమే రంగు, 2 అయితే ట్యాగులతోపాటు మొదటి వాక్యానికీ రంగు.

స్థాయిలు మూడు దాటకూడదని నా గట్టి అభిప్రాయం. ప్రతి ట్యాగుకూ ఒక సెట్టింగు చొప్పున ఇస్తే వినియోగదారుకు స్వేచ్ఛ పెరిగినట్లు కనబడుతుంది గాని, ఆ సెట్టింగుల కలయికలన్నిటినీ పరీక్షించేవారు ఎవరూ ఉండరు. రంగుల ఎంపికకు హైలైట్ గ్రూపులు (ఒకే రంగు పొందే భాగాలకు ఇచ్చే పేర్లు) ఎలాగూ ఉన్నాయి కాబట్టి, సెట్టింగు పని నిర్మాణాన్ని నిర్ణయించడం వరకే ఉండాలి.

మౌలిక విలువగా 1 పెట్టాం. సెట్టింగు సంగతే తెలియనివారికి ట్యాగులు కనబడతాయి, వారి తెర మీద ఇంకేమీ మారదు.

విలువను చదివే ఒక్క వరుస

సింటాక్స్ ఫైలు మీ విమ్ ఫోల్డరులోని సింటాక్స్ ఉపఫోల్డరులో, భాష పేరుతోనే ఉండాలి. ఆ ఫైలు మొదట్లో ఎప్పటిలాగే, ఈ బఫరుకు (అంటే ఎడిటరులో తెరిచిన ఫైలుకు) సింటాక్స్ ఇప్పటికే ఎక్కించి ఉంటే ఆగిపొమ్మని చెప్పే మూడు వరుసలు ఉంటాయి. వాటి కిందనే సెట్టింగును చదవాలి.

```
ఇఫ్ ఎగ్జిస్ట్స్("బి:కరెంట్_సింటాక్స్")
  ఫినిష్
ఎండిఫ్

లెట్ ఎస్:డాక్ = గెట్(బి:, 'పిక్క_డాక్_హైలైట్',
      \ గెట్(జి:, 'పిక్క_డాక్_హైలైట్', 1))
```

గెట్ ఫంక్షన్ ఇక్కడ రెండు అంచెలుగా పనిచేస్తుంది. మొదట ఈ ఒక్క బఫరుకు ప్రత్యేకంగా విలువ ఇచ్చారేమో చూస్తుంది, అది లేకపోతే మొత్తం ఎడిటరుకు ఇచ్చిన విలువను చూస్తుంది, అదీ లేకపోతే 1 తీసుకుంటుంది. ఈ వరుస ఫైలులో ఒక్కచోటే ఉండాలి, మిగతా చోట్లన్నీ ఎస్:డాక్ అనే స్థానిక చరరాశినే చూడాలి. రెండుచోట్ల చదివితే ఏదో ఒకనాడు ఒకచోట మార్చి మరొకచోట మరిచిపోతాం.

కామెంట్లను నిర్వచించే వరుసక్రమం

సాధారణ కామెంటు నిర్వచనం ఏ షరతుకూ లోబడకుండా ముందే రావాలి. రీజియన్ అంటే ఒక ఆరంభం నుంచి ఒక ముగింపు దాకా ఉండే భాగం, తర్వాత వచ్చే మ్యాచ్ అంటే ఒక నమూనాకు సరిపోయే ముక్క, కంటెయిన్డ్ అంటే మరొక భాగం లోపల మాత్రమే పట్టుబడేది.

```
సిన్ రీజియన్ పిక్కకామెంట్ స్టార్ట్="/\*" ఎండ్="\*/" కంటెయిన్స్=@స్పెల్
```

/** అనేది కూడా /* తోనే మొదలవుతుంది కదా! కాబట్టి సెట్టింగు 0 అయినప్పుడు డాక్యుమెంటేషన్ కామెంటును ఈ నిర్వచనమే అందుకుని, దానికి మామూలు కామెంటు రంగు వేస్తుంది. ఐచ్ఛికంగా ఉండే ప్రతి హైలైటింగుకూ ఇటువంటి ఆధారం కింద ఉండాలి. ఐచ్ఛిక భాగం తీసేసినప్పుడు వచనం రంగు లేకుండా మిగిలిపోతే, లేదా లోపలి మాటలు కీవర్డులుగా మెరిస్తే, ఆ సెట్టింగు ఆపివేసినవారికి ఎడిటర్ పాడైనట్లే అనిపిస్తుంది.

తర్వాత షరతుతో కూడిన భాగం వస్తుంది.

```
ఇఫ్ ఎస్:డాక్ >= 1
  సిన్ మ్యాచ్ పిక్కడాక్‌ట్యాగ్ "^ *\* *\జెడ్‌ఎస్@[^ *]\+" కంటెయిన్డ్
  సిన్ క్లస్టర్ పిక్కడాక్‌లోపల యాడ్=పిక్కడాక్‌ట్యాగ్
  సిన్ రీజియన్ పిక్కడాక్ స్టార్ట్="/\*\*/\@!" ఎండ్="\*/"
        \ కీపెండ్ కంటెయిన్స్=@పిక్కడాక్‌లోపల,@స్పెల్
ఎండిఫ్
```

ఇందులో నాలుగు సంగతులు ఉన్నాయి. ఒకే చోట రెండు నిర్వచనాలు సరిపోయినప్పుడు విమ్ చివర వచ్చిన నిర్వచనాన్నే ఎంచుకుంటుంది. కాబట్టి పిక్కడాక్ ఎప్పుడూ పిక్కకామెంట్ తర్వాతే రావాలి, ఈ రెండింటినీ తారుమారు చేస్తే సెట్టింగు ఎంత పెట్టినా రంగు మారదు, తప్పు ఎక్కడుందో కూడా తోచదు. రెండవది, స్టార్ట్ నమూనా చివర ఉన్న /\@! అనే భాగం ‘దీని వెంటనే గీత రాకూడదు’ అని చెబుతుంది. అది లేకపోతే /**/ అనే ఖాళీ కామెంటును డాక్యుమెంటేషన్ కామెంటు ఆరంభంగా తీసుకుని, ముగింపు కోసం వెతుకుతూ కింద ఉన్న ప్రోగ్రామునంతా కామెంటు రంగులో ముంచేస్తుంది.

మూడవది, ట్యాగు నమూనా వరుస మొదట్లోని నక్షత్రంతో ప్రారంభమవుతుంది. @ గుర్తు ఎక్కడ కనబడినా ట్యాగు అనుకుంటే కామెంటులో రాసిన ఈమెయిలు చిరునామా సగం వేరే రంగులోకి మారుతుంది. నక్షత్రం ఉండాలని అడుగుతూనే రంగు మాత్రం @ దగ్గర నుంచి మొదలవ్వాలని చెప్పడానికే మధ్యలో \జెడ్‌ఎస్ ఉంది. ఇదే పనిని వెనక్కి చూసే నమూనాతోనూ చేయవచ్చు గాని అది నెమ్మది. నాలుగవది క్లస్టర్. పిక్కడాక్ రీజియన్ తన లోపల ఏమేమి ఉండవచ్చో పేర్లతో చెప్పదు, ఒక సమూహం పేరు మాత్రమే చెబుతుంది. ఆ సమూహంలో ఎవరు చేరాలో సెట్టింగు స్థాయి నిర్ణయిస్తుంది. రేపు మరొక అంశం చేర్చవలసి వచ్చినా రీజియన్ నిర్వచనాన్ని ముట్టుకోనక్కరలేదు.

మొదటి వాక్యం, దానిలోని చుక్క

రెండవ స్థాయికి ఈ కింది వరుసలు చాలు.

```
ఇఫ్ ఎస్:డాక్ >= 2
  సిన్ రీజియన్ పిక్కడాక్‌తొలివాక్యం కంటెయిన్డ్ కంటెయిన్స్=@స్పెల్
        \ మ్యాచ్‌గ్రూప్=పిక్కడాక్ స్టార్ట్="/\*\*"
        \ మ్యాచ్‌గ్రూప్=పిక్కడాక్‌తొలివాక్యం
        \ ఎండ్="\. " ఎండ్="\.$" ఎండ్="\*/"
  సిన్ క్లస్టర్ పిక్కడాక్‌లోపల యాడ్=పిక్కడాక్‌తొలివాక్యం
ఎండిఫ్
```

చుక్క తర్వాత ఖాళీ వస్తే, లేదా చుక్కతో వరుస ముగిస్తే, లేదా కామెంటే ముగిస్తే, మొదటి వాక్యం అక్కడితో అయిపోయినట్లు. జావాడాక్ సాధనం కూడా సారాంశ పట్టికలో వేయవలసిన మొదటి వాక్యాన్ని దాదాపు ఇదే నియమంతో కత్తిరిస్తుంది. తెలుగులో రాసేవారికి ఇక్కడ పెద్ద చిక్కు ఉంది. మా ఫైలులో నిజంగా ఉన్న ఒక కామెంటును చూడండి.

```
/** 80 కి. గ్రా. బస్తా నుంచి వచ్చే పప్పు బరువును లెక్కిస్తుంది.
 *  @పారమ్ బస్తాలు కొన్న బస్తాల సంఖ్య
 *  @రిటర్న్ పొట్టు తీసిన పప్పు బరువు
 */
```

రెండవ స్థాయి పెట్టగానే ‘80 కి.’ వరకు మాత్రమే ప్రత్యేకమైన రంగు వచ్చి, మిగతా వాక్యం మామూలు కామెంటు రంగులో ఉండిపోయింది. మొదట దీనిని సింటాక్స్ ఫైలులోని లోపం అనుకుని నమూనాను మార్చబోయాను. కాసేపటికి అర్థమయింది, లోపం కామెంటులోనే ఉంది. డాక్యుమెంటేషన్ తయారుచేసే సాధనం కూడా ఈ వాక్యాన్ని అక్కడే కత్తిరించి, సారాంశంలో ‘80 కి.’ అని మాత్రమే వేస్తుంది. అంటే ఆ రంగు తప్పును ముందుగానే చూపించింది. ‘రూ. 120’ అని రాసినా, ‘డా.’ తర్వాత పేరు రాసినా ఇదే జరుగుతుంది. ‘80 కిలోల బస్తా’ అని పూర్తిగా రాస్తే చిక్కు తీరిపోతుంది. జావాలోనైతే 10వ సంచిక నుంచి సమ్మరీ అనే ట్యాగు ఉంది, సారాంశం ఎంతవరకో దానితో స్పష్టంగా చెప్పవచ్చు. మీ సింటాక్స్ ఫైలు చుక్క నియమం మీ డాక్యుమెంటేషన్ సాధనం చుక్క నియమంతో సరిపోలాలి. అందంగా కనబడటం కోసం ఎడిటర్‌లో దానిని సడలించకండి.

రంగులు: ముడి వేయండి, నిర్దేశించకండి

ఫైలు చివర హైలైట్ గ్రూపులను ప్రామాణిక గ్రూపులకు ముడి వేయాలి.

```
హై డెఫ్ లింక్ పిక్కకామెంట్ కామెంట్
హై డెఫ్ లింక్ పిక్కడాక్ కామెంట్
హై డెఫ్ లింక్ పిక్కడాక్‌ట్యాగ్ స్పెషల్
హై డెఫ్ లింక్ పిక్కడాక్‌తొలివాక్యం స్పెషల్‌కామెంట్
లెట్ బి:కరెంట్_సింటాక్స్ = 'పిక్క'
```

డెఫ్ అనే మాట ఉన్నందువల్ల, వినియోగదారు తన విమ్‌ఆర్‌సీలో అదే గ్రూపుకు ముందే రంగు ఇచ్చుకుని ఉంటే ఆ రంగే నిలుస్తుంది. ఇక్కడ ఎరుపు, నీలం అని రాసేస్తే నల్లని తెర వాడేవారికి, తెల్లని తెర వాడేవారికి ఒకేసారి సరిపడే రంగు దొరకదు.

చాలా రంగుల పథకాలు కామెంట్లను వాలు అక్షరాలలో చూపిస్తాయి. తెలుగు ఫాంట్లలో ఎక్కువ వాటికి వాలు రూపం ప్రత్యేకంగా గీసి ఉండదు కాబట్టి, నిటారు అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ పక్కకు వంచుతుంది. అప్పుడు ‘లెక్కిస్తుంది’ వంటి మాటలో క వత్తు, త వత్తు తమ అక్షరం కింద నుంచి పక్కకు జరిగినట్లు కనబడతాయి. తెలుగు కామెంట్లు రాసేవారు కామెంట్ గ్రూపుకు వాలు రూపం తీసేసుకోవడం మంచిది. అయితే ఆ పని మీ సింటాక్స్ ఫైలుది కాదు, వినియోగదారు విమ్‌ఆర్‌సీది. రంగుల పథకం మారినప్పుడల్లా ఆ మార్పు చెరిగిపోతుంది కాబట్టి దానిని కలర్‌స్కీమ్ అనే ఆటోకమాండులో (ఆ సందర్భం రాగానే దానంతట అదే నడిచే ఆదేశంలో) పెట్టుకోమని సహాయ పుటలో సలహా ఇవ్వండి.

అక్షరదోషాల ఎర్రగీతలు

కంటెయిన్స్ జాబితాలో @స్పెల్ పెట్టినందువల్ల కామెంట్లలో అక్షరదోషాల తనిఖీ జరుగుతుంది. తనిఖీ భాషగా ఇంగ్లీషు ఉన్నప్పుడు విమ్ ప్రతి తెలుగు మాటనూ తప్పుగానే గుర్తిస్తుంది. తెలుగులో పది వరుసల డాక్యుమెంటేషన్ ఉంటే పది వరుసల కిందా ఎర్రగీతలు నిండిపోతాయి. తనిఖీనే మొత్తంగా తీసేస్తే మధ్యలో రాసిన ఇంగ్లీషు పేర్లలోని తప్పులు దొరకవు. కాబట్టి తెలుగు మాటలను మాత్రమే తప్పించే ఒక మ్యాచ్ చేర్చాలి. తెలుగు యూనికోడ్ పరిధి 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు. ఆ పరిధిలోని అక్షరాల వరుసను పట్టుకునే కంటెయిన్డ్ మ్యాచ్ ఒకటి రాసి, దాని కంటెయిన్స్ జాబితాలో @నోస్పెల్ పెట్టి, దానిని పిక్కకామెంట్, పిక్కడాక్, పిక్కడాక్‌తొలివాక్యం ఈ మూడింటిలోనూ చేర్చాలి.

పరిధితోపాటు 200సి అనే అక్షరాన్ని కూడా నమూనాలో చేర్చడం మరువకండి. ‘సాఫ్ట్‌వేర్’, ‘లాప్‌టాప్’ వంటి మాటలలో పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపేది కంటికి కనబడని ఆ అక్షరమే, అది తెలుగు పరిధికి బయట ఉంటుంది. దానిని చేర్చకపోతే నమూనా అక్కడ తెగిపోయి, ఒకే మాట రెండు ముక్కలుగా పట్టుబడుతుంది.

సెట్టింగు మార్చగానే ఫలితం కనబడాలి

సింటాక్స్ ఫైలు తెరిచినప్పుడే సెట్టింగును చదువుతుంది. తర్వాత విలువ మార్చినా తెర మీద ఏమీ మారదు, ఆ సంగతి తెలియనివారు సెట్టింగు పనిచేయడం లేదనుకుంటారు. కాబట్టి విలువను మార్చి, వెంటనే సింటాక్స్‌ను తిరిగి ఎక్కించే ఆదేశం ఒకటి ఇవ్వాలి. దానిని ఎఫ్‌టీప్లగిన్ ఫోల్డరులోని పిక్క ఫైలులో పెట్టండి.

```
కమాండ్! -బఫర్ -నార్గ్స్=1 పిక్కడాక్
      \ లెట్ బి:పిక్క_డాక్_హైలైట్ = <ఆర్గ్స్> | సెట్‌లోకల్ సింటాక్స్=ఆన్
```

వినియోగదారులు నిర్వచించే ఆదేశాల పేర్లు విమ్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరంతోనే మొదలవ్వాలి, ఆన్ అనే మాటను కూడా పెద్ద అక్షరాలలోనే రాయాలి. ఇక ‘:పిక్కడాక్ 2’ అని టైపు చేస్తే ఆ ఒక్క బఫరులో రెండవ స్థాయి వెంటనే కనబడుతుంది. ఎప్పటికీ అదే స్థాయి కావాలనుకునేవారు విమ్‌ఆర్‌సీలో జి: తో విలువ పెట్టుకుంటారు.

ఒక ఫోల్డరులోని ఫైళ్లకు మాత్రమే వేరే స్థాయి కావాలని ఎవరైనా అడిగితే రెండు సంగతులు చెప్పాలి. ఫైలు అడుగున రాసే మోడ్‌లైన్‌తో ఈ పని జరగదు, మోడ్‌లైన్ ఆప్షన్లను మాత్రమే మార్చగలదు, చరరాశులను మార్చలేదు. ఆటోకమాండుతో చేయవచ్చు గాని దానిని బఫ్‌రీడ్ సందర్భానికి పెడితే, విమ్‌ఆర్‌సీలో అది ఉన్న చోటును బట్టి, సింటాక్స్ ఎక్కిన తర్వాత విలువ మారే ప్రమాదం ఉంది. బఫ్‌రీడ్‌ప్రీ సందర్భానికి పెడితే ఫైలు చదవకముందే విలువ సిద్ధంగా ఉంటుంది.

పాత యంత్రాలు, పొడవైన కామెంట్లు

ఏ నమూనా ఎంత సమయం తీసుకుంటోందో ఊహించనక్కరలేదు. ‘:సిన్‌టైమ్ ఆన్’ అని ఇచ్చి, ఫైలును పై నుంచి కింది దాకా జరిపి, ‘:సిన్‌టైమ్ రిపోర్ట్’ అని అడిగితే ప్రతి నమూనా పేరు, ఎన్నిసార్లు ప్రయత్నించింది, మొత్తం ఎంత సమయం పట్టింది అన్నవి పట్టికగా వస్తాయి. ఈ సౌకర్యం ప్రొఫైల్ అంశంతో నిర్మించిన విమ్‌లోనే ఉంటుంది. రంగులు వేయడానికి రీడ్రాటైమ్ ఆప్షన్ చెప్పినదానికన్నా, అంటే మామూలుగా 2000 మిల్లీసెకన్లకన్నా ఎక్కువ పడితే, విమ్ హైలైటింగును ఆపేస్తుంది. పాత లాప్‌టాప్‌లో రంగులు హఠాత్తుగా మాయమైతే ముందు దీనినే అనుమానించండి.

ఫైలు మధ్యలోకి ఒక్కసారిగా దూకినప్పుడు డాక్యుమెంటేషన్ కామెంటు మామూలు రంగులో కనబడి, తెరను తిరిగి గీయించగానే సరైన రంగు రావడం మరొక సమస్య. విమ్ ప్రతిసారీ ఫైలును మొదటి నుంచి చదవదు, కాస్త వెనక్కి వెళ్లి అక్కడి నుంచి పరిస్థితిని అంచనా వేస్తుంది. సిన్ సింక్ సీకామెంట్ అనే పద్ధతి వాడితే, తాను కామెంటులో ఉన్నానని తెలుసుకుంటుంది గాని దానిని మనం చెప్పిన ఒక్క గ్రూపుగానే భావిస్తుంది, మామూలు కామెంటో డాక్యుమెంటేషన్ కామెంటో తేడా చూడదు. మా నియమాల ఫైళ్లు చిన్నవి కాబట్టి సిన్ సింక్ ఫ్రమ్‌స్టార్ట్ అని పెట్టి నిశ్చింతగా ఉన్నాం. పెద్ద ఫైళ్లు ఉన్నచోట సిన్ సింక్ మిన్‌లైన్స్ విలువను మీ కామెంట్లలో పొడవైనదానికన్నా ఎక్కువగా పెట్టాలి.

పరీక్ష

ఒక చిన్న పరీక్ష ఫైలును ప్రాజెక్టులోనే ఉంచండి. అందులో మామూలు కామెంటు, మూడు వరుసల డాక్యుమెంటేషన్ కామెంటు, /**/, నక్షత్రాల వరుస, ఈమెయిలు చిరునామా ఉన్న కామెంటు, కొటేషన్ గుర్తుల మధ్య /** ఉన్న వాక్యం, ముగింపు లేని డాక్యుమెంటేషన్ కామెంటు ఉండాలి. చివరి దానిని ఫైలు చివరే పెట్టండి, లేకపోతే మిగతావన్నీ దాని కడుపులోకి పోతాయి. 0, 1, 2 స్థాయిలలో ఒక్కొక్కదాని మీద కర్సరు పెట్టి, సిన్‌స్టాక్ ఫంక్షన్‌తో ఆ చోట ఏయే గ్రూపులు పేరుకుని ఉన్నాయో చూడండి. రంగును కంటితో చూసి నమ్మకండి, రెండు గ్రూపులు ఒకే రంగుకు ముడిపడి ఉండవచ్చు. స్థాయి 0 లో ఎక్కడా పిక్కడాక్ అనే పేరే కనబడకూడదు. సెట్టింగు అసలు పెట్టని కొత్త ఖాతాలోనూ ఒకసారి తెరిచి చూడండి.

వేరే ఎడిటర్లు వాడేవారికి

ఈమ్యాక్స్‌లో సీ, జావా వంటి భాషల మోడ్ ఈ ఏర్పాటును ముందే ఇచ్చింది. సీ-డాక్-కామెంట్-స్టైల్ అనే చరరాశిలో ఏ భాషకు ఏ డాక్యుమెంటేషన్ పద్ధతో చెప్పవచ్చు. కామెంటు మొత్తానికి ఉండే రంగు ఫాంట్-లాక్-డాక్-ఫేస్ అనే ఫేస్ నుంచి వస్తుంది.

వీఎస్ కోడ్‌లో పని వేరుగా ఉంటుంది. అక్కడ భాష వ్యాకరణం ఒక స్థిరమైన ఫైలు, అది సెట్టింగును చదివి తన నియమాలను మార్చుకోలేదు. కాబట్టి ప్రధాన వ్యాకరణంలో డాక్యుమెంటేషన్ కామెంటుకు ‘కామెంట్.బ్లాక్.డాక్యుమెంటేషన్’ అనే ప్రామాణిక స్కోప్ పేరు మాత్రమే పెట్టి, ట్యాగులను గుర్తించే నియమాలను ఇంజెక్షన్ వ్యాకరణంగా వేరే ఎక్స్‌టెన్షన్‌లో ఉంచడం నాకు అన్నిటికన్నా శుభ్రంగా తోచింది. వద్దనుకునేవారు ఆ ఎక్స్‌టెన్షన్‌ను ఒక వర్క్‌స్పేస్‌కు మాత్రమే ఆపేసుకోవచ్చు. రంగు ఒక్కటే మారితే చాలనుకునేవారికి ‘ఎడిటర్.టోకెన్‌కలర్‌కస్టమైజేషన్స్’ సెట్టింగు సరిపోతుంది.

సహాయ పుటలో రాయవలసినది

సెట్టింగు పేరు తెలియకపోతే అది లేనట్లే. విమ్ ఫోల్డరులోని డాక్ ఉపఫోల్డరులో ఒక చిన్న సహాయ ఫైలు పెట్టి, సెట్టింగు పేరును రెండు నక్షత్రాల మధ్య ట్యాగుగా రాసి, హెల్ప్‌ట్యాగ్స్ ఆదేశం నడిపితే, ‘:హెల్ప్’ తర్వాత ఆ పేరు టైపు చేసినవారు నేరుగా అక్కడికి చేరతారు. మా పుటలో తెలుగులోనే ఇలా రాశాం:

“పిక్క_డాక్_హైలైట్: డాక్యుమెంటేషన్ కామెంట్లలో ఎంతవరకు రంగులు వేయాలో చెబుతుంది. 0 పెడితే అవి మామూలు కామెంట్లలాగే కనబడతాయి. 1 పెడితే ట్యాగులకు రంగు వస్తుంది, ఏమీ పెట్టకపోయినా ఇదే వర్తిస్తుంది. 2 పెడితే మొదటి వాక్యానికి కూడా రంగు వస్తుంది. బి: తో ఇచ్చిన విలువ ఆ బఫరుకు మాత్రమే వర్తిస్తుంది, అది జి: విలువకన్నా ముందు చూడబడుతుంది. ఇప్పటికే తెరిచి ఉన్న ఫైలులో మార్చాలంటే ‘:పిక్కడాక్’ ఆదేశం వాడండి. మొదటి వాక్యం మధ్యలోనే రంగు ఆగిపోతే, ఆ చోట చుక్క తర్వాత ఖాళీ ఉన్నదేమో చూడండి.”